ఎడారిలో వానలు పడినప్పుడు కనిపించే జీవులు – గుర్తుపట్టడం ఎలా?

పోయిన ఏడాది జులైలో మా బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి తండ్రి నాకు ఫోన్లో ఒక ఫోటో పంపినాడు. ఆయన లారీ డ్రైవరు. జైసల్మేరు పసుపు రాయి లోడు కోసం రాజస్థాన్ పోయి, వానకు దారిలో ఒక ధాబా దగ్గర ఆగినాడంట. ఫోటోలో ఒక బల్లి జాతి జీవి చచ్చిపడి ఉంది. రెండు జానల పొడవు, వీపు మీద పసుపు చుక్కలు, మెడ మీద నల్ల పట్టీలు. కింద ఇట్లా రాసినాడు: "సార్, ఇది కరిస్తే మనిషి నీళ్ళు అడిగే లోపలే పోతాడంట. అందరూ కొడుతుంటే నేనూ ఒక దెబ్బ వేసినా. ఇది ఏందో చెప్పండి సార్."

ఊరికి వచ్చినాక ఇంకొక మాట కూడా చెప్పినాడు. ఆ రాత్రి లారీ పక్కన చాప పరచుకుని పడుకోబోతే, ధాబా ముసలాయన వచ్చి "వాన పడింది, కింద పడుకోవద్దు. పీవణా వస్తుంది. రొమ్ము మీద కూర్చుని ఊపిరి తాగేస్తుంది" అని చెప్పి నులక మంచం వేయించినాడంట. "ఊపిరి తాగే పాము ఉంటుందా సార్?" అని నవ్వినాడు.

నేను నవ్వలేదు. ఆ రెండు భయాల్లో ఒకటి ఉత్తది, ఒకటి నిజం. ఉత్త భయానికి ఒక ప్రాణి చచ్చిపోయింది. నిజమైన భయాన్ని ఈయన నవ్వి వదిలేసినాడు. ఏది ఏదో తెలియాలంటే ప్రాణిని గుర్తుపట్టడం రావాలి. ఆయన కూతురే అర్ధ సంవత్సర పరీక్షలో "ఎడారిలో వానలు పడవు కాబట్టి ప్రాణులు ఉండవు" అని రాసింది. ఆ తప్పు పిల్లది కాదు, పాఠం చెప్పిన మాది. అందుకే పిల్లలకూ తల్లిదండ్రులకూ కలిపి ఈ వ్యాసం రాస్తున్నాను.

థార్ ఎడారిలో వానాకాలం

మన దేశంలో పెద్ద ఎడారి థార్. ఎక్కువ భాగం రాజస్థాన్‌లోనూ, కొంత గుజరాత్, హర్యానా, పంజాబ్‌లలోనూ, మిగిలింది పాకిస్తాన్‌లోనూ ఉంది. అక్కడ ఏడాదికి పడే వాన చోటును బట్టి 100 నుంచి 500 మిల్లీమీటర్లు. పడమటికి పోయేకొద్దీ తగ్గుతుంది. అందులో ఎక్కువ వాన జులై నుంచి సెప్టెంబరు లోపలే పడిపోతుంది. వాతావరణ శాఖ 2020లో సవరించిన తేదీల ప్రకారం నైరుతి రుతుపవనం జులై 8 నాటికి ఆ చివరి అంచుకు చేరాలి. వెనక్కి మళ్ళడం కూడా అక్కడి నుంచే, సెప్టెంబరు 17 నాటికి మొదలవుతుంది. అంటే దాదాపు డెబ్బై రోజులు. అన్ని రోజులూ వాన ఉండదు. నాలుగైదు మంచి వానలు పడితే మంచి ఏడాది అనుకుంటారు. ఒక్కోసారి అంతా ఒకేసారి పడుతుంది. 2006 ఆగస్టులో బాడ్మేరు జిల్లాలోని కవాస్ గ్రామం వరదలో మునిగింది. ఇసుక నేల మీద వరద!

ఈ డెబ్బై రోజులే అక్కడి ప్రాణులకు పెళ్ళిళ్ళ కాలం, పంట కాలం, పిల్లల్ని కనే కాలం. పది నెలలు మట్టిలో దాక్కున్నవి ఒక్క వానకు బయటికి వస్తాయి. బొరియల్లోకి నీళ్ళు పోతే పాములూ తేళ్ళూ ఆరిన చోటు వెతుక్కుంటాయి. ఆ ఆరిన చోటు చాలాసార్లు మన ఇల్లే అవుతుంది. మనుషులకూ వాటికీ ఎదురుపాట్లు ఈ కాలంలో ఎక్కువయ్యేది అందుకే.

చూడగానే వేసుకోవలసిన అయిదు ప్రశ్నలు

ఏ ప్రాణి కనిపించినా ముందు నాలుగడుగులు వెనక్కి వేయండి. తర్వాత ఈ ప్రశ్నలు వేసుకోండి.

1. కాళ్ళు ఎన్ని? (ఆరు, ఎనిమిది, నాలుగు, అసలు లేవు)
2. ఎంత పొడవు? (వేలంత, జానెడు, మూరెడు, బారెడు)
3. గుర్తులు, పట్టీలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగినాయి? (తల వైపా, తోక వైపా)
4. ఏ వేళ కనిపించింది? (పగలా, రాత్రా)
5. ఎక్కడ, ఏం చేస్తూ కనిపించింది?

"రంగు ఏది?" అనే ప్రశ్న ఒక్కటే వేసుకుంటే మోసపోతాము. తడి నేలలో, టార్చి వెలుతురులో రంగు మారి కనిపిస్తుంది. పై అయిదూ కలిపి చూస్తే పొరపాటు తగ్గుతుంది.

పురుగులు, తేళ్ళు

ఆరుద్ర పురుగు: మన పెద్దలకు చెప్పనక్కరలేదు. ఆరుద్ర కార్తెలో తొలకరి పడితే ఎర్ర మఖమలు గుడ్డ ముక్కల్లా పొలంలో తిరుగుతాయే, అవే థార్‌లోనూ తొలి వానకు ఇసుక మీదికి వస్తాయి. హిందీలో బీర్‌బహూటీ అంటారు. కాళ్ళు లెక్కపెట్టండి, ఎనిమిది ఉంటాయి. అంటే ఇది పేరుకే పురుగు, నిజానికి సాలీడు, తేలు వర్గానిది. కరవదు, కుట్టదు. చిన్నప్పుడు మిడతల వంటి వాటిని పట్టుకుని బతుకుతుంది, పెరిగినాక పురుగుల గుడ్లను తింటుంది. అంటే రైతుకు మేలు చేసేదే. మందుల పేరుతో, నూనె పేరుతో వీటిని ఏరి అమ్మేవాళ్ళున్నారు. అగ్గిపెట్టెలో వేసి ఆడుకునే పిల్లలు చూసినాక మళ్ళీ మట్టిలో వదిలేయాలి.

ఉసిళ్ళు: వాన వెలిసిన సాయంత్రం దీపాల చుట్టూ ముసురుకుని రెక్కలు రాల్చేవి. ఇవి రెక్కలొచ్చిన చెదపురుగులు. వీటివల్ల హాని లేదు. కానీ వీటి వెనక కప్ప, కప్ప వెనక పాము వస్తాయి. వాన పడిన రాత్రి ఇంటి ముందు దీపం కింద చూసి అడుగు వేయమనేది అందుకే.

ఎడారి మిడత: థార్‌లో వానాకాలం దీనికి గుడ్లు పెట్టే కాలం. తడి ఇసుక లేకపోతే గుడ్లు పొదగవు. ఒంటరిగా ఉన్నప్పుడు మట్టిరంగులో అణకువగా ఉంటుంది. పచ్చిక బాగా పెరిగి గుంపు ఎక్కువైతే రంగూ నడవడీ మారిపోతాయి. దండులో చిన్న వయసువి గులాబి రంగులో, ముదిరినవి పసుపు రంగులో ఉంటాయి. ఒక చదరపు కిలోమీటరు దండులో నాలుగు కోట్లకు పైగా మిడతలు ఉండవచ్చు. 2020 మే నెలలో ఈ దండులు మహారాష్ట్రలో నాగపూరు, అమరావతి వైపు దాకా వచ్చినాయి. అదే రోజుల్లో తమిళనాడు కృష్ణగిరి జిల్లాలో జిల్లేడు చెట్ల మీద గుంపులుగా మిడతలు కనిపిస్తే, దండు వచ్చేసిందని జనం హడలిపోయినారు. అవి జిల్లేడు ఆకు తినే మామూలు మిడతలని అధికారులు తేల్చినారు. మన అయిదో ప్రశ్న, అంటే ఎక్కడ ఏం చేస్తూ కనిపించింది అనేది వేసుకుని ఉంటే అక్కడే తేలిపోయేది. దండు మిడత ఒక్క జిల్లేడునే పట్టుకుని కూర్చోదు, కనిపించిన పచ్చనిదంతా తింటుంది.

తేళ్ళు: ఇక్కడ చూడవలసింది కొండిని కాదు, ముందరి పట్టకారు చేతుల్ని. చేతులు లావుగా, పీత చేతుల్లా ఉంటే విషం మామూలుగా తక్కువ. చేతులు సన్నగా, తోక లావుగా ఉంటే జాగ్రత్త. నల్లగా పెద్దగా భయపెట్టే తేలు కంటే, చిన్నగా ఎర్రగా ఉండే తేలు ఎక్కువ ప్రమాదం. ఎర్ర తేలు కుడితే గుండెకు దెబ్బ తగులుతుంది, ముఖ్యంగా పిల్లలకు. ఇది మన దక్కను నేలల్లోనూ ఉంది. మహారాష్ట్రలో మహాడ్ అనే చిన్న ఊరిలో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్, ప్రజోసిన్ అనే మందుతో ఈ విషానికి చికిత్స చేయవచ్చని చూపించి ఎన్నో ప్రాణాలు నిలబెట్టినారు. కాబట్టి మంత్రం దగ్గరికి కాదు, ఆసుపత్రికి పోవాలి.

ఒంటె సాలీడు: ఇసుక రంగు, వెంట్రుకలు, పెద్ద కోరలు, గుర్రం లాంటి పరుగు. చూస్తే పది కాళ్ళున్నట్టు ఉంటుంది. ముందరి రెండూ కాళ్ళు కావు, తడుముకునే చేతులు. కాళ్ళు ఎనిమిదే. పేరులో సాలీడు ఉన్నా ఇది సాలీడు కాదు, విషమూ లేదు. మన వెంట పరుగెత్తుతున్నట్టు అనిపించేది మన నీడ కోసం. గట్టిగా పట్టుకుంటే కొరుకుతుంది, అంతే.

కప్పలు

ఎడారిలో కప్ప ఏమిటి అని నవ్వకండి. పొక్కుల చర్మంతో మన ఇంటి మూల కూర్చునే కప్పకు కళ్ళ పక్కన నల్లటి గట్లు తీర్చి ఉంటాయి. థార్‌లో ఎక్కువగా కనిపించే పొక్కుల కప్పకు ఆ గట్లు ఉండవు, తల నున్నగా ఉంటుంది. ఇంకొకటి బొరియ కప్ప. ముద్దలాగా గుండ్రంగా ఉంటుంది. వెనక కాలి మడమ దగ్గర పార లాంటి గట్టి బుడిపె ఉంటుంది. దానితో వెనక్కి వెనక్కి తవ్వుకుంటూ మట్టిలోకి దిగిపోతుంది. ఎండాకాలమంతా అక్కడే. వాన పడిన రాత్రి పైకి వచ్చి గుంటలో గుడ్లు పెడుతుంది. గుంట ఎండే లోపల తోకకప్పలకు కాళ్ళు రావాలి. అవి బతికేది నీళ్ళు ఆరడంతో పందెం వేసి. ఆ గుంటలో సబ్బు నీళ్ళు పోయకపోవడం, బండి తోలకపోవడం మనం చేయగల సాయం.

సాండా, ఉడుము

సాండా: మూరెడు పొడవు, మొద్దు తల, తోక చుట్టూ వరసలు వరసలుగా ముళ్ళ కంకణాలు. పగటిపూట, ఎండలో, తన బొరియ వాకిట్లోనే కనిపిస్తుంది. బల్లి జాతిలో ఆకు తిని బతికేవి చాలా తక్కువ, ఇది అందులో ఒకటి. వాన తర్వాత మొలిచే పచ్చిక మీద పడి మేస్తుంది. రాత్రి లోపలికి పోయి బొరియకు మట్టితో తలుపు పెట్టుకుంటుంది. ఎవరినీ కరవడానికి రాదు. దీని కొవ్వు నుంచి తీసిన నూనె నొప్పులకు మందని సంతల్లో అమ్ముతారు. దాని కోసం నడుము విరిచి సజీవంగా పెట్టుకుంటారు. ఆ నూనెకు ఏ మహిమా లేదు. కొనడం, అమ్మడం రెండూ నేరమే.

ఉడుము: మన లారీ డ్రైవరుగారి ఫోటోలో ఉన్నది ఇదే, ఉడుము పిల్ల. పెద్ద ఉడుము మట్టిరంగులో ఉంటుంది కాబట్టి అందరూ గుర్తుపడతారు. పిల్లకు పసుపు చుక్కలు, నల్ల పట్టీలు ఉంటాయి. పైగా పాములాగా చీలిన పొడుగు నాలుక ఆడిస్తుంది. అందుకని ఉత్తరాదిలో దీన్ని బిస్‌ఖోప్రా అనే వేరే విషజీవి అనుకుని కొట్టి చంపుతారు. అది వేరే జీవి కాదు. దాని కాటుకు మనిషి చనిపోడు. పండ్లు పడితే గాయాన్ని సబ్బుతో కడిగి, టిటి ఇంజెక్షను వేయించుకుంటే చాలు. ఎడారిలో ఇసుక రంగు ఎడారి ఉడుము కూడా వేరే ఉంది, దానిదీ ఇదే కథ. ఉడుము ఎలుకల్ని, పాము గుడ్లను తింటుంది. ఉడుమును కొట్టినవాడు తన ఇంటి చుట్టూ పాముల్ని పెంచుకున్నట్టే.

పాములు

ఇక్కడ నిదానంగా చదవండి. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటు మరణాల మీద జరిగిన పెద్ద అధ్యయనంలో ఏటా సగటున 58 వేల మంది పోతున్నారని తేలింది. అందులో సగం జూన్ – సెప్టెంబరు మధ్యనే. ఎక్కువమంది పల్లెల్లోనే.

కట్లపాము: ముసలాయన చెప్పిన పీవణా ఇదే. థార్‌లో దీనికి దగ్గరి చుట్టమైన సింధు కట్లపాము కూడా ఉంది. నల్లగా నిగనిగలాడే ఒళ్ళు, అడ్డంగా సన్నని తెల్ల గీతలు, చాలాసార్లు జంటలు జంటలుగా. గీతలు తల వైపు మసకగా, తోక వైపు స్పష్టంగా ఉంటాయి. పగలు మందకొడిగా ఉండి రాత్రి తిరుగుతుంది. వాన పడితే వెచ్చని, ఆరిన చోటు కోసం, ఎలుకల కోసం ఇంట్లోకి వస్తుంది. నేల మీద పడుకున్నవాళ్ళ దుప్పటిలోకి దూరుతుంది. ఒళ్ళు తిప్పినప్పుడు కరుస్తుంది. దీని కాటు నొప్పి పెట్టదు, వాయదు, చాలాసార్లు గాటు కూడా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, కంటి రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, చివరికి ఊపిరి ఆడకపోవడం.

ఇప్పుడు ఆలోచించండి. రాత్రి బాగా పడుకున్న మనిషి, ఒంటి మీద గాయం లేకుండా, ఊపిరందక పోతే, చూసినవాళ్ళు ఏమనుకుంటారు? ఏదో వచ్చి ఊపిరి తాగేసింది అనుకుంటారు. కథ తప్పే, కానీ కథలోని హెచ్చరిక నూటికి నూరు పాళ్ళు నిజం. వాన పడిన రాత్రి కింద పడుకోవద్దు, మంచం మీద పడుకో. ముసలాయన వేయించిన నులక మంచం మన వైద్యులు చెప్పే సలహానే. దోమతెర కట్టి అంచులు పరుపు కిందికి దోపితే ఇంకా మంచిది.

కట్లపాములాగే కనిపించే విషం లేని పాము ఒకటి ఉంది. గోధుమ రంగు ఒళ్ళు, గీతలు తల వైపు స్పష్టంగా మొదలై తోక వైపు మాసిపోతాయి. అంటే కట్లపాముకు సరిగ్గా తిరగేసి. గోడలు కూడా ఎక్కుతుంది. ఈ తేడా దూరం నుంచి చూసి నేర్చుకోవడానికే గానీ, "ఇది మంచిదే" అని చేత్తో పట్టడానికి కాదు. అనుమానం ఉన్నంతవరకు ప్రతి గీతల పామూ కట్లపామే.

చిన్న పింజర: రాజస్థాన్‌లో బాండీ అంటారు. మూరెడు కూడా ఉండదు చాలాసార్లు. ఇసుక రంగు, పక్కల వెంబడి తెల్లని అలల గీత, తల మీద బాణం గుర్తు లాంటి మచ్చ. భయపడితే ఒళ్ళు మడతలు మడతలుగా చుట్టుకుని పొలుసుల్ని ఒకదానితో ఒకటి రాస్తుంది. వేడి పెనం మీద నీళ్ళు చల్లినట్టు చుయ్‌మని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వింటే అడుగు ఆపాలి. ఇసుక మీద పక్కవాటుగా జరుగుతుంది కాబట్టి దాని జాడ విడివిడి గీతలుగా పడుతుంది. కాటుకు వాపు, నొప్పి, రక్తం గడ్డకట్టకపోవడం. చిన్నదే కదా అని చాలామంది మోసపోయేది దీనితోనే.

నాగుపాము: పడగ విప్పితే అందరికీ తెలుసు. కానీ అక్కడి నాగుల్లో పడగ మీద కళ్ళజోడు గుర్తు లేకుండా నల్లగా ఉండేవి కూడా ఉంటాయి. గుర్తు లేదు కాబట్టి నాగుపాము కాదు అనుకోకూడదు.

రెండు తలల పాము: తోక కూడా తలలాగే మొద్దుగా ఉంటుంది. అంతే తప్ప రెండు తలలు లేవు. విషం లేదు. ఇసుకలో దూరి ఎలుకల్ని తింటుంది. అదృష్టం తెస్తుందని లక్షలకు అమ్ముతామని చెప్పేవాళ్ళు అక్కడా ఉన్నారు, మన బళ్ళారి, అనంతపురం వైపూ ఉన్నారు. అట్లాంటి ఫోను వస్తే డబ్బూ పోతుంది, కేసూ అవుతుంది.

కరిస్తే ఏం చేయాలి

- మనిషిని కూర్చోబెట్టండి, ధైర్యం చెప్పండి. నడిపించవద్దు, పరుగెత్తించవద్దు.
- ఉంగరాలు, గాజులు, మొలతాడు, చెప్పులు తీసేయండి. వాపు వస్తే బిగుసుకుంటాయి.
- చేయి గానీ కాలు గానీ విరిగినప్పుడు బద్ద కట్టినట్టు కదలకుండా కట్టండి. తాడుతో బిగించి రక్తం ఆపవద్దు.
- కోయవద్దు, నోటితో పీల్చవద్దు, పసరు పోయవద్దు, నాటు సారా పట్టవద్దు.
- 108కి ఫోను చేయండి, లేదా ఏ బండి దొరికితే ఆ బండిలో పాము విషానికి విరుగుడు ఉన్న ఆసుపత్రికి చేర్చండి. కాటు గుర్తు కనిపించకపోయినా చేర్చండి.
- పాము వెంటపడి చంపి తేవద్దు. దూరం నుంచి ఫోటో దొరికితే సరే, లేకపోయినా వైద్యులు లక్షణాలను చూసి వైద్యం చేస్తారు.

మన విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగింటికీ కలిపి ఒకటే. దానికి కావలసిన విషంలో చాలా భాగం చెన్నై దగ్గర 1978లో ఏర్పడిన ఇరుళ పాములవాళ్ళ సహకార సంఘం నుంచి వస్తుంది. దక్షిణాది పాముల విషంతో చేసిన మందు రాజస్థాన్ చిన్న పింజర మీద అంత బాగా పనిచేయడం లేదని పరిశోధకులు చూసినారు. అందుకే అక్కడ ఆలస్యం ఇంకా ప్రమాదం.

పక్షులు

చాతకం: పైన నలుపు, కింద తెలుపు, తల మీద చిన్న కుచ్చు, ఎగిరితే రెక్కలో తెల్ల మచ్చ. వాన నీటినే తాగుతుందనేది కవుల మాట. ఆఫ్రికా నుంచి రుతుపవనంతో కలిసి ఉత్తర భారతానికి వస్తుందనేది నిజం. మన దక్షిణాదిలో ఏడాది పొడవునా ఉండేవీ ఉన్నాయి.

బట్టమేక పక్షి: మీటరు ఎత్తు, తెల్లని పొడుగు మెడ, తల మీద నల్ల టోపీ, గోధుమ వీపు. మగదానికి మెడ కింద నల్లని పట్టీ. పెద్ద మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఎగిరే పక్షుల్లో చాలా బరువైనవాటిలో ఇది ఒకటి. రాజస్థాన్ రాష్ట్ర పక్షి. ఎక్కువగా వానాకాలంలో గడ్డి నేల మీద ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది, గూడు కూడా కట్టదు. పశువు కాలు పడితే, కుక్క ముట్టితే ఆ ఏడాది సంతానం పోయినట్టే. కళ్ళు పక్కలకు ఉంటాయి కాబట్టి ఎదురుగా ఉన్న కరెంటు తీగలు కనిపించక గుద్దుకుని చస్తాయి. మిగిలినవి సుమారు నూటయాభై లోపే అని అంచనా, అవీ చాలా వరకు జైసల్మేరు చుట్టుపక్కలనే. ఒకప్పుడు ఇవి మన ఇరుగుపొరుగు పక్షులు. కర్నూలు వైపు రోళ్ళపాడు, షోలాపూరు దగ్గర నన్నజ్ అభయారణ్యాలు వీటి కోసమే పెట్టినవి. మన సిరుగుప్ప నల్లరేగడిలోనూ కనిపించేవి. మీ తాతలను అడగండి, చూసినవాళ్ళు ఇంకా ఉంటారు.

జంతువులు

చింకారా, కృష్ణజింక: చింకారా లేత గోధుమ రంగులో సన్నగా ఉంటుంది. మగదానికీ ఆడదానికీ రెండింటికీ కొమ్ములుంటాయి, ఆడదానివి పొట్టి. కృష్ణజింకలో మగదానికే మెలికల కొమ్ములు, ముదిరితే వీపు నల్లగా, పొట్ట తెల్లగా ఉంటుంది.

నక్కలు: తోక కొస చూడండి. తెల్లగా ఉంటే ఎడారి నక్క, నల్లగా ఉంటే మన మెట్ట పొలాల్లోనూ తిరిగే గుంటనక్క.

ఎడారి ఎలుక: పట్టపగలు బొరియ ముందు నిలబడి చూసే ఎలుక. వానలు బాగా పడితే సంతానం పెరుగుతుంది. వీటి కోసమే పాములూ గద్దలూ చేరతాయి.

జింకలు అక్కడ ఊళ్ళ మధ్య నిర్భయంగా తిరగడానికి ఒక కారణం బిష్ణోయిలు. 1730లో జోధ్‌పూరు దగ్గర ఖేజర్లీ గ్రామంలో చెట్లు కొట్టనీయకుండా వాటిని కౌగలించుకుని అమృతాదేవితో సహా 363 మంది ప్రాణాలిచ్చినారు. ఆ చెట్టు ఖేజ్‌డీ. అంటే దసరా నాడు మనం ఆకు పంచుకునే జమ్మి చెట్టే.

పిల్లలకు పని, పెద్దలకు మనవి

ఎడారికి పోకపోయినా ఈ జీవుల్లో సగం మన ఊరిలోనే దొరుకుతాయి. పిల్లలారా, ఈ వానాకాలంలో ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, వేళ, చోటు, అయిదు ప్రశ్నలకు జవాబులు, చేత్తో గీసిన బొమ్మ. పేరు తెలియకపోతే ఖాళీ వదలండి, ఊహించి రాయవద్దు. తెలుగు పేరు, కన్నడ పేరు రెండూ ఇంట్లో అవ్వతాతలను అడిగి రాయండి. పాఠాల్లో లేని ఈ పేర్లు వాళ్ళతోనే పోకూడదు. ఎవరూ ఏ ప్రాణినీ పట్టుకోకూడదు, రాళ్ళు పొదల్లో చేతులు పెట్టకూడదు.

తల్లిదండ్రులారా, బడి ఆవరణలో గానీ ఇంట్లో గానీ పాము కనిపిస్తే పిల్లల్ని దూరంగా పంపి, ఒకరు దూరం నుంచి దాని మీద కన్ను వేసి ఉంచి, అటవీ శాఖకు ఫోను చేయండి. పిల్లల చేతికి కర్ర ఇవ్వవద్దు, టార్చి ఇవ్వండి. వానాకాలం అయ్యేదాకా పిల్లల్ని కింద పడుకోబెట్టవద్దు.

మా లారీ డ్రైవరుగారికి ఇదంతా చెప్పినాక ఆయన కాసేపు మాట్లాడలేదు. "అయితే సార్, నేను కొట్టింది ఏమీ చేయనిదాన్ని. నవ్వింది నన్ను బతికించిన మాటకు" అన్నాడు. ఈసారి లోడుకు పోయేటప్పుడు క్యాబిన్లో ఒక దోమతెర పెట్టుకుని పోయినాడని కూతురు చెప్పింది.